ఉప్పు పంపని యుద్ధం

మా ఇద్దరి మధ్య మొదటి కయ్యం పాల గురించి రాసిన ఒక చీటీతో మొదలైంది.

దేశం కాని దేశంలో, వెస్ట్‌మీడ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. రెండు గదులు, ఒక వంటిల్లు, రైలు పట్టాల వైపు తెరుచుకునే బాల్కనీ. ఒక గదిలో నేను, ఇంకో గదిలో నాకంటే ఐదేళ్ళు పెద్దదైన ఒక నర్సు. ఆమెది నరసాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లె. మాది నల్గొండ వైపు, రాళ్ళ నేల. ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఆమెకు ఎప్పుడూ నైట్ షిఫ్టులే. నేను ల్యాబ్‌లో నమూనాలు అందుకునే చోట అర్వో షిఫ్టు, అంటే మధ్యాహ్నం షిఫ్టు, చేసేదాన్ని. రక్తం గొట్టాలు వస్తాయి. గొట్టం మీది పేరు, కాగితం మీది పేరు ఒకటేనా కాదా చూసి లోపలికి పంపాలి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. అందుకే ఆ పని నాకు నచ్చింది.

పొద్దున ఎనిమిదికి ఆమె ఇంటికి వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని. నేను లేచేసరికి ఆమె తలుపు మూసి ఉండేది. సాయంత్రం ఆమె లేచేసరికి నేను పనిలో ఉండేదాన్ని. ఫోన్ మోగితే నిద్ర చెడుతుందని, చెప్పాల్సింది ఏదైనా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించే పద్ధతి ఆమే పెట్టింది. గ్యాస్ మనిషి వస్తాడు. బట్టలు తీశాను. కుక్కర్‌లో పప్పు ఉంది, తిను. అలా ఉండేవి మా సంభాషణలు.

ఆ రోజు పాలు అయిపోయాయి. డైరీ చివరి నుంచి ఒక కాగితం చింపి, "పాలు లేవు అక్కా, వచ్చేటప్పుడు తెస్తా" అని రాసి అంటించి వెళ్ళిపోయాను. కాగితం వెనక ఏముందో చూసుకోలేదు.

వెనక ఉన్నది నా నగరం.

పన్నెండేళ్ళప్పటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ముందు పేజీల్లో జరిగినవి రాస్తాను, వెనక పేజీల నుంచి జరగనివి. ఇక్కడి లైబ్రరీలో పాత ఇటలీ గురించి ఒక పెద్ద బొమ్మల పుస్తకం దొరికాక ఆ వెనక పేజీల్లోకి ఒక కొండ వచ్చి చేరింది. రోము ఇంకా పెద్దది కాకముందు అక్కడ ఉన్న ఊళ్ళ సంగతులు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఒక్కో కొండ మీద ఒక్కో ఊరు, ప్రతి ఊరూ ఒక రాజ్యమే. ఒక ఊరి గోడ మీద నిలబడితే పక్క ఊరి పొయ్యిల పొగ కనబడుతుంది. అంత దగ్గర, అంత పగ. పక్షులు ఏ దిక్కు నుంచి ఎగిరి వచ్చాయో చూసి యుద్ధానికి పోవాలో మానాలో తేల్చుకునేవాళ్ళు. చచ్చిపోయినవాళ్ళకు పొద్దుపోవాలని సమాధుల గోడల మీద విందు భోజనాలు, పిల్లనగ్రోవి ఊదేవాళ్ళు, వల విసిరేవాళ్ళ బొమ్మలు వేసేవాళ్ళు. అవి చూశాక చాలా రోజులు నాకు ఇంకే పుస్తకమూ రుచించలేదు. నా కొండ ఇటలీలో లేదు, ఎక్కడా లేదు. దాని మీద ఎర్ర రాతి గోడ, నల్లగా మెరిసే కుండలు చేసే కుమ్మరులు, మగవాళ్ళ పంక్తిలోనే కూర్చుని తినే ఆడవాళ్ళు. చట్టాలు మాత్రం చాలావరకు మా నానమ్మవి.

చింపిన కాగితం మీద ఉన్నది ఉప్పు చట్టం. మా ఇంట్లో ఉప్పు ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. గిన్నె కింద పెడితే రెండోవాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే పోట్లాట వస్తుందని నానమ్మ నమ్మకం. దాన్ని నేను కొండ మీదికి ఎక్కించి ఇలా రాసుకున్నాను: "ఒక నగరం మరొక నగరం మీద యుద్ధానికి పోదలచిన యెడల ముందు దూతను పంపి, ఎదుటి నగరం పెద్ద అరచేతిలో పిడికెడు ఉప్పు పెట్టవలెను. ఉప్పు పెట్టకుండా దండెత్తినచో అది యుద్ధం కాదు, దొంగతనం."

మర్నాడు లేచి వంటింట్లోకి వస్తే ఆ కాగితం తిరగేసి అంటించి ఉంది. చట్టం కింద నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "మీ కొండ మీద ఉప్పెక్కడిది? సముద్రం మాది. కావాలంటే వచ్చి అడుక్కోండి. ఇట్లు, ఏటి నగరం."

నా చెవులు వేడెక్కాయి. నా వెనక పేజీలు అంతవరకు ఎవరూ చదవలేదు. ఆమె గది తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. లోపల సన్నగా గురక. నిద్రపోతున్న మనిషి ముందు కూడా సిగ్గుపడొచ్చని ఆ రోజే తెలిసింది. టీ పెట్టుకుని, అది చల్లారేదాకా ఆలోచించి, చివరికి ఒక్క వాక్యం రాశాను: "కొండ నగరం అడుక్కోదు, కుండలిచ్చి కొనుక్కుంటుంది."

ఇక అక్కడి నుంచి రెండేళ్ళు నడిచింది.

ఆమె నగరం ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది. ఉప్పు మడులు, కర్ర వంతెన, గొంతెత్తి పాడే పడవవాళ్ళు. రాజు లేడు. ఏ నిర్ణయమైనా ముసలమ్మల సభ తేల్చాల్సిందే. ఉప్పు బండ్లు మా కొండ పక్కగా వెళ్ళినప్పుడు సుంకం కట్టాలా వద్దా అని ఒక వేసవి అంతా తగువు పడ్డాం. మా కుమ్మరివాడి కూతుర్ని వాళ్ళు ఎత్తుకుపోయారని నేను రాస్తే, "ఎత్తుకురాలేదు, అదే నడిచొచ్చింది. మా చేపల వాసనకి" అని జవాబు వచ్చింది. రెండుసార్లు యుద్ధమైంది. రెండుసార్లూ ముందు ఒక చిన్న పొట్లంలో ఉప్పు కట్టి ఫ్రిజ్‌కు అంటించాం.

శకునాలు చూసే పని కూడా ఆమెదే, ఎందుకంటే తెల్లారి బయట ఉండేది ఆమే. డ్యూటీ దిగి నడిచి వస్తూ ఏ పక్షులు కనిపించాయో రాసేది. కనిపించేవి ఎక్కువగా ఐబిస్‌లే. పొడుగు ముక్కుతో డస్ట్‌బిన్లు కెలుకుతాయి కాబట్టి ఇక్కడివాళ్ళు వాటిని బిన్ చికెన్ అంటారు.

"పొద్దున ఏడున్నరకి బస్టాప్ దగ్గర మూడు బిన్ చికెన్లు. ఒకటి ఎవరో పారేసిన చిప్స్ తింటోంది. దీని భావమేమిటో మీ పూజారిని అడిగి చెప్పు."

"తూర్పు నుంచి వస్తే సంధి. చిప్స్ తిన్నది కాబట్టి ఏటి నగరంలో తిండికి లోటు."

"మా ఊళ్ళో తిండికి లోటా! మీ కొండ మీద పచ్చిపులుసు తప్ప ఏముందే?"

నెలలో రెండు మూడు రోజులు మా సెలవులు కలిసేవి. అప్పుడు ఆమె చేపల పులుసు పెట్టేది, నేను జొన్నరొట్టె చేసేదాన్ని. బల్లకి అటూ ఇటూ కూర్చుని తినేవాళ్ళం. వింత ఏమిటంటే ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ నగరాల గురించి ఒక్క మాట కూడా రాదు. ఆమె వార్డు సంగతులు, చర్చి సంగతులు, రోస్టర్ వేసే ఆవిడ మీద కోపం, అన్నీ చెప్పేది. నేను వినేదాన్ని.

"నీకసలు నోరుందా అమ్మాయ్?"

"ఉందక్కా."

"ఉంటే తినడానికేనా?"

నేను నవ్వి ఇంకో రొట్టె వేసేదాన్ని. నా ముందున్న ఈమె, కాగితం మీది ఆమె వేరువేరు మనుషులైనట్టు అనిపించేది. కాగితం మీది ఆమెతో నాకు ఏ బెరుకూ లేదు.

మొదటి శీతాకాలంలో ఒకరోజు చీటీలో ఇలా ఉంది: "నిన్న మా ఊరికి ఒక తాతగారు కొత్తగా వచ్చారు. కిటికీ పక్క ఇల్లే కావాలని పట్టుబట్టారు. ఇచ్చాం." ఇది యుద్ధానికి సంబంధించింది కాదు, సంధికీ కాదు. ఏం జవాబు రాయాలో తెలియక, "కొండ నగరం ఆయనకు నమస్కారాలు చెబుతోంది" అని రాశాను. కొన్నాళ్ళకు ఇంకొకటి: "ఒకావిడ వచ్చింది. చేతిలో అల్లిక. ఎర్ర ఊలు అయిపోయిందట. మీకు గొర్రెలున్నాయిగా, పంపు." పంపాను. తర్వాత ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. ఆ తర్వాత రోజూ మూడింటికి టీ అడిగే ఇద్దరు అన్నదమ్ములు, ఒకరి వెనక ఒకరు, నెల తేడాతో.

ఒక సెలవు రోజు సింకు దగ్గర చేపలు కడుగుతూ ఆమె, నా వైపు చూడకుండానే, "ఆ కిటికీ తాత లేడూ... నాలుగో బెడ్డు. ఆ గురువారం పోయాడే" అంది. ఇంకో చేప చేతిలోకి తీసుకుంది. కాగితం మీది ఆమె నా ఎదుటికి వచ్చింది ఆ ఒక్కసారే.

అప్పుడు అర్థమైంది. వార్డు నుంచి ఇంటికి వెళ్ళలేనివాళ్ళు ఆ ఊరికి వస్తున్నారు. ఆ రోజు నుంచి డైరీలో ఏటి నగరానికి ఒక పేజీ కేటాయించాను. ఎవరు వచ్చారు, ఏ వీధిలో ఇల్లు, ఏమడిగారు. ఆమె చీటీలు పారేసినా నా దగ్గర పదిలంగా ఉండేవి. రెండో శీతాకాలానికి పదకొండు మంది అయ్యారు. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చేసిన పని తెలియక చేసింది కాదు.

ఆ శనివారం సరుకులకి క్వేకర్స్ హిల్ వెళ్ళాను. మన సామాన్ల కొట్టులో చింతపండు వెతుకుతుంటే అక్క వాళ్ళ చర్చి ఆంటీ ఒకరు కనిపించి పలకరించారు.

"ఏమ్మా, బావున్నావా? మీ రూమ్మేట్ వెళ్ళిపోతుంటే నీకు కష్టమే ఇంక. బ్రిస్బేన్‌లో పర్మనెంట్ జాబంట కదా, అన్నీ డే షిఫ్టులేనంట. సన్నీబ్యాంక్‌లో రూమ్ కూడా చూసేసుకుందంట. మేమందరం ప్రేయర్ చేశామమ్మా దాని గురించి."

"అవును ఆంటీ," అన్నాను.

"నువ్వూ వెళ్ళొచ్చుగా అప్పుడప్పుడూ? ఫ్లైట్ గంటన్నరేగా."

"అవును ఆంటీ."

అన్నీ తెలిసినదానిలా తల ఊపుతూనే ఉన్నాను. రైల్లో కూర్చున్నాక గాని చింతపండు కొనలేదని గుర్తు రాలేదు. చర్చి నిండా మనుషులకు తెలుసు. వాళ్ళు కళ్ళు మూసుకుని ఆమె కోసం అడిగారు, ఆమెకు దొరికింది. ఆ వారాలన్నీ ఫ్రిజ్ మీద నాకు వచ్చినవి వంతెన మరమ్మతుల గురించి, బిన్ చికెన్ల గురించి.

ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆమె నిద్రపోతోంది. నేను ఒంటి గంటకి బయల్దేరాలి. చెప్పులు కూడా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను.

"ఈ ఉదయం కొండ నగరం సేన ఏటి నగరం మీద పడింది. వంతెన కాలింది. ఉప్పు మడులు బూడిదతో నిండాయి. ఇళ్ళన్నీ కాలిపోయాయి, కిటికీ పక్క ఇళ్ళతో సహా. ఎవరూ మిగల్లేదు."

కిటికీ పక్క ఇళ్ళతో సహా అని రాయాల్సిన అవసరం లేదు. రాస్తున్నప్పుడు నాకు తెలుసు, ఆ మాట ఎక్కడ తగులుతుందో. అక్కడ తగలాలనే రాశాను. అంటించి పనికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఫ్రిజ్ తలుపు ఖాళీగా ఉంది. ఆ పై రోజు కూడా. చీటీ చెత్తబుట్టలో ఉందేమోనని చూశాను. లేదు. ఆమె నాకోసం కూర మూతపెట్టి ఉంచడం మానలేదు, నా బట్టలు వానలో తడవకుండా లోపల వెయ్యడం మానలేదు. రాయడం ఒక్కటే మానేసింది. పాలు అయిపోతే ఎవరూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇద్దరం కొనుక్కొచ్చాం. తర్వాత మళ్ళీ ఇద్దరం కొన్నాం. ఫ్రిజ్‌లో నాలుగు పాల సీసాలు వరుసగా నిలబడ్డాయి, వాటిని చూసి నవ్వడానికి ఎవరూ లేరు.

రెండో వారం ఎవరో సెలవు పెట్టారని నన్ను ఉదయం షిఫ్టుకి మార్చారు. రెండేళ్ళలో మొదటిసారి, సెలవు కాని రోజుల్లో కూడా సాయంత్రాలు ఇద్దరం ఒకే వేళకి ఇంట్లో మెలకువగా ఉన్నాం. ఆమె వండుకుని కంచం తీసుకుని గదిలోకి వెళ్ళేది. నేను ఆమె వెళ్ళాక వంటింట్లోకి వచ్చేదాన్ని. తలుపులు చప్పుడు కాకుండా వేసుకునేవాళ్ళం, ఇంట్లో పసిపిల్ల పడుకున్నట్టు.

డైరీలో చాలా చీటీలు రాసి చింపేశాను. క్షమించమని రాజుగారి భాషలో ఒకటి, మామూలు భాషలో ఇంకొకటి. ఏది రాసినా మళ్ళీ కాగితమే. తప్పు చేసింది కాగితం మీద, అది నాకు సులువైన చోటు కాబట్టి. క్షమాపణ కూడా నాకు సులువైన చోటే చెప్పుకుంటే అది ఆమెకు దేనికి? రెండు వారాల్లోనో మూడు వారాల్లోనో ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆ పదకొండు మందీ బూడిదలోనే ఉండిపోతారు. ఆ ఆలోచనతో ఒకరోజు ఆరున్నరకే లేచి, ఎనిమిదిన్నర డ్యూటీకి ఏడింటికే బయల్దేరి, ఆస్పత్రి సిబ్బంది బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడ్డాను.

చలి బాగా ఉంది. అందరి నోళ్ళ నుంచీ పొగ వస్తోంది. రాత్రి డ్యూటీవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా, భుజాలు ముడుచుకుని బయటికి వస్తున్నారు. ఆమె ఒక్కతే వచ్చింది. ముదురు నీలం యూనిఫారం మీద ఉన్ని కోటు, చెదిరిన జడ. నన్ను చూడగానే ఆమె మొహంలో మొదట వచ్చింది కోపం కాదు, భయం.

"ఏంటే? ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బాగనే ఉన్న అక్కా."

"ఇంట్లో ఎవరికైనా?"

"లేదక్కా. అందరు మంచిగనే ఉన్నరు."

"మరేంటి?"

నాలుగు వాక్యాలు వరుసగా కూర్చుకుని వచ్చాను. ఒక్కటీ లేదు. ఆమె ట్రామ్ స్టాప్ దగ్గరున్న బెంచీ వైపు నడిచింది. పక్కన కూర్చున్నాను. బెంచీ చల్లదనం బట్టల్లోంచి దిగింది. ఒక ట్రామ్ వచ్చి వెళ్ళింది. ఆమె తొందర పెట్టలేదు. అదే తొందర పెట్టి ఉంటే లేచి వెళ్ళిపోయేదాన్నేమో.

"నువ్వు పోవుడు నాకిష్టం లేదు," అన్నాను.

"ఏంటీ?"

"బ్రిస్బేన్. నువ్వు పోవుడు నాకిష్టం లేదక్కా. ఆంటీ చెప్పింది, దుకాణంల. నువ్వు చెప్పలె."

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. నోరు కొంచెం తెరిచి ఉంది. "ఈ ముక్క చెప్పడానికి ఊరు తగలబెట్టాలా?"

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆమెకు రెండూ రాలేదు.

"చేతిలో ఉప్పైనా పెట్టలేదు. చట్టం రాసింది నువ్వే కదే. పొట్లం అంటిస్తే కనీసం నాకు తెలిసేది, కోపంగా ఉన్నావని."

"నువ్వు గూడ పెట్టలె గదా."

అనేశాక భయపడ్డాను. ఆమె చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ తొడుక్కుంది.

"పెట్టలేదు," అంది. "చెప్దామనే అనుకున్నాను. కాయితం మీద రాద్దామంటే చెయ్యి రాలేదు. ఎదురుగా చెప్దామంటే నువ్వు తలొంచుకుని అన్నం కలుపుకుంటావు. నీకెలా చెప్పనే?"

"చర్చిల అందరికి చెప్పినవ్."

"వాళ్ళకి చెప్పడం సులువు. ప్రేయర్ చేస్తారు, కేక్ కోస్తారు, అయిపోద్ది. నువ్వలా కాదు కదా."

ఇంకో ట్రామ్ వచ్చింది. దిగినవాళ్ళలో ఒకావిడ ఆమెకు చెయ్యి ఊపింది, ఆమె కూడా ఊపింది. తర్వాత, నన్ను అడుగుతున్నట్టు కాకుండా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది: "ఆరేళ్ళయిందే నైట్లు మొదలెట్టి. అందరూ మేలుకున్నప్పుడు మేలుకుని, అందరూ పడుకున్నప్పుడు పడుకోవాలని ఉంది. అంతే. సన్నీబ్యాంక్‌లో రాజభోగాలేం లేవు."

ఇష్టం లేదని చెప్పడానికి వచ్చాను గాని ఆపడానికి కాదని అప్పుడు తెలిసింది. ఎప్పుడు అని అడిగాను. మూడు వారాలు అంది.

"అది సరే," అంది, గొంతు మారింది. "మావాళ్ళ సంగతేంటి?"

నేను చేతి సంచి పట్టీ వేలికి చుట్టుకున్నాను.

"ఆ సాయంత్రం లేచి అది చదివి డ్యూటీకెళ్ళాను. ఆ రాత్రే ఒకావిడ పోయింది. పన్నెండో ఆవిడ. పొద్దున నడిచొస్తూ, అలవాటు కొద్దీ ఆవిడకి ఏ ఇల్లిద్దామా అని ఆలోచిస్తున్నాను. ఏటి ఒడ్డునా, వంతెన దగ్గరా అని. సగం దారిలో గుర్తొచ్చింది, ఊరే లేదని." ఆమె రోడ్డు వైపు చూస్తోంది. "ఆటేలే. పిచ్చిది. కానీ ఆవిడని ఎక్కడ పెట్టాలో తెలీలేదే నాకు. ఇప్పటికీ తెలీదు."

అంతకు ముందు నా జీవితంలో ఎప్పుడూ, రాసుకోకుండా ఒక కథ చెప్పలేదు. క్లాసులో కూడా నిలబెట్టి అడిగితే చెమటలు పట్టేవి. అయినా నోరు తెరిచాను.

"వాళ్ళెవ్వరు సావలేదక్కా."

"ఎవరూ మిగల్లేదని రాశావుగా."

"రాసింది మా కొండ మీది రాతగాడు. గోడ మీద నిలబడి చూసిండు. అంత దూరం నుంచి పొగల వానికేం కనబడ్తది? వాని మొకం."

ఆమె నెమ్మదిగా తల తిప్పింది.

"మీ ముసలమ్మల సభ ముందుగాల్నే పసిగట్టింది," అన్నాను. "ఆ పొద్దుగాల కొండ దిక్కు నుంచి పిట్ట ఒక్కటి గూడ రాలె. పిట్టలు రాలేదంటె ఆడ ఏదో కదులుతున్నదన్నట్టు. పడవలన్ని ఒడ్డుకు తెచ్చి పెట్టిండ్రు. మావోళ్ళు వంతెనకు నిప్పు పెట్టేటాల్లకు ఇండ్లల్ల ఎవ్వరు లేరు."

"కిటికీ తాతగారు?"

"కదలనన్నడు. గట్టిగ పట్టువట్టిండు. గప్పుడు టాక్సీ ఆయన ఏంజేసిండంటె, కిటికీ చట్రం మొత్తం ఊడవీకి పడవల పెట్టిండు. ఇగ కూసో అన్నడు. కూసున్నడు."

ఆమె నవ్వింది. గొంతులోంచి చిన్న చప్పుడు, అంతే. ఉన్ని కోటులోకి ముడుచుకుని, "అన్నదమ్ములు?" అంది.

"ఒకే పడవల. ఒకలు తెడ్డు వేస్తుంటె ఒకలు టీ కెటిల్ పట్టుకున్నరు."

"వాళ్ళు మాట్లాడుకోరే. ముప్పై ఏళ్ళ నుంచి మాటల్లేవంట. పెద్దాయన కూతురు చెప్పింది."

"పడవల మాట్లాడుకున్నరు. తప్పలే."

ఆమె ఒకరి తర్వాత ఒకరిని అడిగింది. నేను ఒకరి తర్వాత ఒకరిని దాటించాను. ఎవరు తడిశారు, ఎవరు పాట పాడారు, ఎవరు వెనక్కి తిరిగి చూసి తిట్టారు. తిట్లు మా కొండ మీద పడ్డాయి, నేను పడనిచ్చాను. మాటలు వస్తూనే ఉన్నాయి. కాగితం మీద రాసేటప్పుడు కొట్టేసి మళ్ళీ రాస్తాను. ఇక్కడ కొట్టెయ్యడానికి లేదు, అన్నది అన్నట్టే ఉండిపోయింది. ఏడో మనిషి దగ్గరో ఎనిమిదో మనిషి దగ్గరో ఆమె ప్రశ్నలు ఆగాయి. బరువుగా ఏదో నా భుజం మీద వాలింది. పది గంటలు నిలబడి పనిచేసిన మనిషి నిద్ర, అలా కూర్చున్న చోటే పట్టేసింది.

నేను ఆపలేదు. గొంతు తగ్గించి మిగిలినవాళ్ళను కూడా దాటించాను. బెంచీ ఆ చివర కూర్చున్న ఒకాయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు. మామూలుగా అయితే అక్కడితో నా నోరు పడిపోయేది. తొమ్మిదో ఆవిడ, పదో ఆయన, పదకొండో ఆయన. అందరూ అవతలి ఒడ్డుకి చేరారు. చీరలు, చొక్కాలు పిండుకుంటున్నారు.

ఫోన్‌లో ఎనిమిది ఇరవై అయింది. సూపర్‌వైజర్‌కు ఎప్పుడూ మెసేజే పెడతాను. ఎదురుగా మాట్లాడినా, ఫోన్‌లో మాట్లాడినా నా ఇంగ్లీషు నాకే తడబడుతుంది. కానీ మెసేజ్ టైపు చెయ్యాలంటే కుడి చెయ్యి కావాలి, కుడి భుజం మీద ఆమె తల ఉంది. ఎడమ చేత్తో నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, ఇవాళ ఆలస్యమవుతుందని మెల్లగా చెప్పాను. ఎందుకు అనలేదు ఆవిడ, ఎంతసేపు అని మాత్రం అడిగింది. ఇంకా ఒక్కరున్నారు అని నోటిదాకా వచ్చింది. ఒక గంట, అన్నాను.

పన్నెండో ఆవిడ ఒడ్డున నిలబడి ఉంది. ఊరు కాలిన రాత్రే వచ్చిన మనిషి, ఆవిడకు ఇల్లు కూడా దొరకలేదు. ఆవిడను ఎలా దాటించాలో నాకు తెలియలేదు. వయసెంతో, ఏ భాష మనిషో, నీళ్ళంటే భయమో కాదో, ఏమీ తెలియదు. ఊహించి చెప్పొచ్చు. కానీ ఆవిడను చూసింది అక్క. ఆ రాత్రి ఆవిడ పక్కన ఉన్నది అక్క. లేచాక అడగాలి.

అందుకని పడవను అక్కడే ఆపుకుని, కదలకుండా కూర్చున్నాను.